టోఫు ముద్దకి టర్కీ వేషం ఎందుకు?

"మాంసం ముట్టను మొర్రో అంటాడు, మళ్ళీ మాంసం ఆకారంలో చేసుకుని తింటాడు. ఇదేం చోద్యంరా బాబూ!"

మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పే తెలుగు బ్యాచ్‌లో ఏటా నవంబరు రాగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో టోఫర్కీ అట్టపెట్టెలు వరసగా కనబడేది ఆ రోజుల్లోనే మరి. మాలో పుట్టు శాకాహారులు ఇంకాస్త గట్టిగా నవ్వుతారు. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ నవ్వే గుంపులోవాణ్ణే. గుత్తివంకాయ, పనసపొట్టు, కంద బచ్చలి తిని పెరిగినవాడికి కోడి వేషం కట్టిన సోయా ముద్ద ఎందుకు చెప్పండి?

ఆ నవ్వు ఎక్కడ ఆగిందో, ఆగాక నేను తవ్వి తీసిన చరిత్ర ఏమిటో చెబుదామని ఈ టపా. కాస్త పొడుగే. కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

నేనుండేది ఆరిగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరోలో. ఉద్యోగంలో చేరిన ఏడాది, అంటే 2021లో, మా టీమ్ లీడ్ థాంక్స్‌గివింగ్ భోజనానికి వాళ్ళమ్మగారింటికి రమ్మన్నాడు. నేను వెజిటేరియన్నని చెప్పాను. పర్లేదు, అమ్మకి చెప్తాలే అన్నాడు. ఆ "పర్లేదు" అనే మాట మీద మనకి నమ్మకం తక్కువ. పర్లేదన్న చోటల్లా చివరికి మన పళ్ళెంలోకి వచ్చేది నాలుగు లెట్యూస్ ఆకులూ, ఒక ఉడికించిన బంగాళాదుంపే. అందుకని డబ్బాలో పులిహోర సర్దుకుని మరీ వెళ్ళాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం అంటే ఇదే :-)

బల్ల చుట్టూ పన్నెండు మందిమి. బల్ల మధ్యలో రెండు పెద్ద పళ్ళేలు. ఒకదాంట్లో టర్కీ కోడి. రెండో దాంట్లో, దాదాపు అంతే ఎత్తున, బోర్లించిన గిన్నె ఆకారంలో, బాగా కాలి గోధుమ రంగు తిరిగిన ఒక గుండ్రటి దిబ్బ. డెబ్భై ఏళ్ళ ఆ పెద్దావిడ నాకోసం రెండు రోజుల ముందునుంచీ మొదలుపెట్టి చేసిందట. టర్కీ కోసిన చాకు పక్కన పెట్టేసి, ఇంకో చాకు తెప్పించి దాన్ని కోసింది. లోపల రొట్టెముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, పుట్టగొడుగులు కూరిన కూరు. మొదటి ముక్క నాకు వేసింది. తర్వాత ఆ పళ్ళెం బల్ల చుట్టూ తిరిగింది. టర్కీ తినేవాళ్ళు కూడా అందరూ తలో ముక్కా వేసుకున్నారు.

రుచి అంటారా? సోయా సాస్‌లో బాగా నానబెట్టి కాల్చిన పన్నీర్‌ని ఊహించుకోండి. కారం లేదు. అద్భుతం అని అబద్ధం చెప్పను. కానీ రెండోసారి అడిగి వేయించుకున్నాను. పులిహోర డబ్బా మాత్రం కారులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కారణం తర్వాత చెప్తాను. ముందు చరిత్ర.

పన్నీర్ తెలిసినవాళ్ళకి టోఫు సంగతి చెప్పడం తేలిక. సోయా గింజల్ని రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్ళు పోసి కాచి, గుడ్డలో వడగడితే పాలు వస్తాయి. మనం పాలు విరవడానికి నిమ్మరసం పిండుతాం. వాళ్ళు జిప్సం గానీ, నిగారి గానీ కలుపుతారు. నిగారి అంటే సముద్రపు నీటినుంచి ఉప్పు తీసుకోగా మిగిలే చేదు ద్రవం, అందులో ముఖ్యంగా ఉండేది మెగ్నీషియం క్లోరైడ్. పాలు విరిగాక గుడ్డలో పోసి బరువు పెడితే నీరు కారిపోయి గడ్డ కడుతుంది. అంతే సంగతి.

దీన్ని కనిపెట్టింది క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు చైనా రాజకుమారుడు ల్యూ ఆన్ అని ఒక ఐతిహ్యం. ఐతిహ్యమే, రుజువు లేదు. రాతలో టోఫు పేరు మొదటిసారి కనబడేది క్రీస్తుశకం 10వ శతాబ్దంలో, తావ్ గూ అనే ఆయన పుస్తకంలో. నాకు మతిపోయింది ఇక్కడే. అందులో ఏముందంటే, చింగ్‌యాంగ్ అనే చోట ఒక చిన్న అధికారి ఉండేవాడు. నిజాయితీపరుడు, జనం కోసం పాటుపడేవాడు. జీతం రాళ్ళతో మాంసం కొనే స్తోమత లేక రోజూ బజార్లో నాలుగు టోఫు ముక్కలు కొనుక్కునేవాడు. అది చూసి ఊళ్ళోవాళ్ళు టోఫుకి ఒక ముద్దుపేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే "డిప్యూటీగారి మటన్" అన్నమాట!

అంటే టోఫు మొదటిసారి పుస్తకానికెక్కడమే మాంసానికి మారుపేరుగా ఎక్కింది. ఈ వేషం ఇవాళ్టిది కాదు, అమెరికా హిప్పీలు కట్టిందీ కాదు. వెయ్యేళ్ళ నాటిది. పైగా ఆ పేరులో వెక్కిరింత కన్నా ఆ అధికారి మీద అభిమానమే ఎక్కువ కనబడుతుంది నాకు.

సాంగ్ వంశపు కాలానికి (960-1279) వచ్చేసరికి చైనా నగరాల్లో శాకాహార భోజనశాలలు వెలిశాయి. మాంసం పేర్లు పెట్టిన శాకాహార వంటకాల ప్రస్తావన అప్పటి నగర వర్ణనల్లో ఉంది. గోధుమ పిండిని నీళ్ళలో పిసికి పిసికి గంజి అంతా కడిగేస్తే మిగిలే జిగురు ముద్ద, అదే గ్లూటెన్, అది ఈ పనికి బాగా కుదిరింది. బౌద్ధ మఠాల్లో ఈ వంట బాగా పెరిగింది. సన్యాసికి బాతు ఆకారం అక్కర్లేదు. మఠానికొచ్చే గృహస్థులకీ దాతలకీ విందు పెట్టాలి, వచ్చినవాళ్ళకి ఇది విందే అనిపించాలి. ఆకారం అతిథి కోసం. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

మనవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? శనగపిండిలో టొమాటో, ఉల్లిపాయ కలిపి అట్టు పోసి "టొమాటో ఆమ్లెట్" అంటాం. అందులో గుడ్డు వాసన కూడా ఉండదు. పెళ్ళిళ్ళలో పనసకాయ బిర్యానీ వడ్డించి, ముక్క అచ్చం అదేలా ఉందని మురిసిపోతాం. ఇక హాస్టల్ మెస్సులో మన ప్రాణం తీసిన మీల్‌మేకర్ కూర సంగతి చెప్పేదేముంది. నూనె తీసేసిన సోయా పిండిని యంత్రంలో వేడీ ఒత్తిడీ పెట్టి పీచుపీచుగా వచ్చేలా చేసే ఆ పద్ధతి మీద 1960ల్లో అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీ పనిచేసింది. మనకి ఆ కూర బ్రాండు పేరుతోనే తెలుసు, అందులో ఉన్నది సోయా అని చాలామందికి ఉద్యోగాలొచ్చాక గానీ తెలియదు. అలాంటి మనం టోఫర్కీని చూసి నవ్వడం, జల్లెడ వెళ్ళి సూదిని వెక్కిరించినట్టు.

సరే, అమెరికాకి వద్దాం. 1770 జనవరిలో లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఫిలడెల్ఫియాలోని వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బార్ట్రమ్‌కి కొన్ని చైనా గింజలు పంపుతూ ఉత్తరం రాశాడు. వాటినుంచి చైనావాళ్ళు ఒకరకం జున్ను చేస్తారని, దాని పేరు "తావ్-ఫు" అని అందులో ఉంది. విత్తనం వచ్చింది, వంట రాలేదు. 1917లో అమెరికా వ్యవసాయ శాఖ డాక్టర్ యామే కిన్ అనే చైనా సంతతి వైద్యురాలిని సోయా వాడకం అధ్యయనం చెయ్యమని చైనా పంపింది. మొదటి ప్రపంచయుద్ధం రోజులు, మాంసం కొరత. యుద్ధం అయిపోయింది, మాంసం మళ్ళీ దొరికింది, ఆ సంగతి జనం మర్చిపోయారు. సోయా మాత్రం పొలాల్లో పెరుగుతూనే ఉంది. నూనెకీ, పశువుల దాణాకీ!

మాంసం మానేసినవాళ్ళు అక్కడ లేకపోలేదు. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ శానిటోరియంలో డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ (కార్న్‌ఫ్లేక్స్ కెలాగ్ ఇంటివాడే) 1890ల నాటికే వేరుశనగతోనూ, గోధుమ గ్లూటెన్‌తోనూ మాంసానికి బదులుగా నట్టోజ్, ప్రోటోజ్ అనే పదార్థాలు చేయించాడు. కానీ అవి ఆరోగ్యం కోసం తినేవి. పథ్యం కూడు పండగ బల్ల మీదకి ఎక్కదు కదా.

ఇంతకీ ఆ పండగ బల్ల ఎక్కణ్ణుంచి వచ్చింది? 1621లో ప్లిమత్‌లో వలసవాళ్ళూ, వాంపనోగ్ తెగవాళ్ళూ కలిసి తిన్న విందునే మొదటి థాంక్స్‌గివింగ్ అంటారు. అప్పటి ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరంలో వేటాడిన పక్షులూ, వాంపనోగులు తెచ్చిన ఐదు జింకలూ ఉన్నాయి గానీ టర్కీ అన్న మాట లేదు. టర్కీని ఆ బల్ల నడిమధ్య కూర్చోబెట్టడంలో సారా జోసెఫా హేల్ అనే రచయిత్రికి పెద్ద వాటా ఉంది. 1827లో రాసిన "నార్త్‌వుడ్" నవల్లో ఆవిడ ఈ విందుని వర్ణిస్తూ కాల్చిన టర్కీని బల్లకి పెద్దని చేసింది. దేశమంతా ఒకే రోజున పండగ జరగాలని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ ప్రకటన చేశాడు. నవంబరు నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మన భోజనంలో నడిమధ్య వస్తువంటూ ఉండదు. విస్తట్లో పప్పుకీ కూరకీ పచ్చడికీ దేని చోటు దానిది, ఎవరి విస్తరి వాళ్ళది. అమెరికన్ పండగ భోజనం అలాక్కాదు. ఒకటే పెద్ద వస్తువు. అందరూ చూస్తుండగా ఇంటిపెద్ద దాన్ని కోసి, తలా ఒక ముక్క పెడతారు. ఆ ముక్క తిననివాడికి కడుపు నిండినా, ఆ పంపకంలో వాటా లేదు. అమెరికాలో శాకాహారి ఇబ్బంది తిండి దొరక్క కాదు, ఇదీ.

ఈ ఇబ్బందిని పట్టుకున్నవాడు సెత్ టిబట్ అనే ఆరిగాన్ మాస్టారు. పిల్లలకి ప్రకృతి పాఠాలు చెప్పేవాడు. ఆ కాలం ఎలాంటిదంటే, 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి బస్సుల్లో వెళ్ళిన హిప్పీలు టెనెసీలో "ది ఫామ్" అనే కమ్యూన్ పెట్టుకుని, జంతు సంబంధమైనవన్నీ మానేసి సోయా మీద బతకడం మొదలుపెట్టారు. 1975లో విలియం షర్ట్‌లెఫ్, అకికో అవొయాగి రాసిన "ది బుక్ ఆఫ్ టోఫు" వచ్చింది. ఆ పుస్తకం చదివి ఎంతోమంది ఊరూరా చిన్నచిన్న టోఫు కొట్లు పెట్టారు. టిబట్ ది ఫామ్‌లో టెంపే (సోయా గింజల్ని పులియబెట్టి బిళ్ళగా చేసేది, ఇండోనేషియా వంటకం) చెయ్యడం నేర్చుకుని, 1980లో 2,500 డాలర్ల సొంత డబ్బుతో వ్యాపారం మొదలెట్టాడు. ఎక్కడనుకున్నారు? మా హిల్స్‌బరో పక్కనే, ఫారెస్ట్ గ్రోవ్‌లో! డబ్బు మిగిల్చుకోడానికి కొన్నేళ్ళు చెట్టు మీద ఇల్లు కట్టుకుని ఉన్నాడు. స్టార్టప్ అంటే గ్యారేజీ అనుకునే మనకి ఇదో కొత్త రకం.

పదిహేనేళ్ళు బొటాబొటీగానే నడిచింది. ఏటా పండక్కి మాత్రం ఆయనకి ఒకటే బాధ, ఏం తినాలి? ఒక ఏడు కూరు పెట్టిన గుమ్మడికాయ. ఇంకో ఏడు రోజంతా కష్టపడి చేసిన గ్లూటెన్ రోస్టు, అది కొరుకుడు పడలేదు. 1995లో పోర్ట్‌లాండ్‌లో "ది హయ్యర్ టేస్ట్" అనే చిన్న శాకాహార దుకాణం వాళ్ళు కూరు పెట్టిన టోఫు రోస్టు చేస్తున్నారని తెలిసి వాళ్ళతో చేతులు కలిపాడు. టోఫూ, గోధుమ గ్లూటెనూ కలిపిన ముద్ద, లోపల కూరు, పక్కన టెంపే కాళ్ళు, గ్రేవీ. పేరు టోఫర్కీ. టీవీ హాస్యగాళ్ళకి ఆ పేరు పండగైంది. వాళ్ళు వెక్కిరించినకొద్దీ పేరు ఊరూరా తెలిసింది.

తర్వాత్తర్వాత నవ్వులు కోర్టుకెక్కాయి. మాంసం కానిదాన్ని మాంసం పేర్లతో అమ్మకూడదని 2019లో ఆర్కన్సా రాష్ట్రం చట్టం చేస్తే, టోఫర్కీ కంపెనీ దావా వేసింది. 2022లో ఫెడరల్ జడ్జి, ఈ కంపెనీ లేబుళ్ళకి ఆ నిషేధం వర్తింపజేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చాడు... క్షమించాలి, ఇచ్చింది, జడ్జి మహిళ. 2023లో కంపెనీని జపాన్ మొరినాగా వాళ్ళ అమెరికా శాఖ కొనేసింది. మల్ట్‌నోమా జలపాతం చూపించడానికి అమ్మానాన్నల్ని ఐ-84 మీద తీసుకెళ్ళే మనవాళ్ళు ఇంకో అరగంట తూర్పుకి వెళ్తే హుడ్ రివర్ వస్తుంది. 1990ల్లో ఈ కంపెనీ స్థిరపడింది ఆ ఊళ్ళోనే.

టోఫర్కీ పెట్టె కొనడం ఒక పద్ధతి. మా లీడ్ వాళ్ళమ్మగారు చేసింది దానికన్నా ముందునుంచీ శాకాహారుల ఇళ్ళల్లో ఉన్న పద్ధతి. అడిగి రాసుకుని మరుసటేడు నేనూ చేశాను. ఐదు పౌండ్ల గట్టి టోఫుని మెత్తగా చిదిమి, చిల్లుల గిన్నెలో తడిగుడ్డ పరిచి, అందులో కూరి, పైన పళ్ళెం బోర్లించి బరువు పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున నడిమధ్య గుంట తవ్వి, వేయించిన కూరు నింపి, తవ్విన టోఫుతో మూత పెట్టి, బేకింగ్ పళ్ళెంలో బోర్లించాలి. సోయా సాస్, నువ్వుల నూనె, కాస్త నారింజ రసం కలిపి పూసి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంట పైన, మధ్యమధ్య పూస్తూ కాల్చాలి. మొదటిసారి నేను పెట్టిన బరువు రెండు టెక్స్టు పుస్తకాలు. నీరు సరిగ్గా దిగలేదు. బోర్లించగానే రోస్టు కాస్తా ఉప్మా అయింది. స్పూన్లతో తిన్నాం. రెండోసారి గ్రైండర్ రాయి పెట్టాను. నిలబడింది.

ఇప్పుడు, ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో చెప్తాను.

ఇంజనీరింగ్ రెండో ఏడు సంక్రాంతికి నా రూమ్మేట్‌ని మా ఊరు తీసుకెళ్ళాను. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. మా బామ్మ వాడి ఊరడిగింది, ఇంటిపేరడిగింది, నాన్న ఏం చేస్తాడని అడిగింది. ఆ మూడు ప్రశ్నలు ఎందుకడుగుతారో మీకు వేరే చెప్పక్కర్లేదు. భోజనాల వేళకి నాకు లోపల పీట వేశారు. వాడికి వరండాలో విస్తరాకు వేశారు. అమ్మ మొహం చిన్నబుచ్చుకుని "ఏమనుకోకు బాబూ, మా అత్తగారికి మడి" అంటూ బొబ్బట్ల మీద నెయ్యి ధారగా పోసింది. నేను లేచి వాడి పక్కన కూర్చోవచ్చు. కూర్చోలేదు. లోపలే తిన్నాను. వాడు తన విస్తరి తనే తీశాడు. తిరుగు బస్సులో ఆ విషయం ఇద్దరం ఎత్తలేదు.

ఆలోచించండి. మా ఇంట్లో ఆ రోజు ఇద్దరం తిన్నది ఒకటే తిండి. అదే పప్పు, అదే బొబ్బట్టు. చోటు వేరు. పోర్ట్‌లాండ్‌లో ఆ పెద్దావిడ ఇంట్లో తిండి వేరు. చోటు ఒకటే. ముక్కూ మొహం తెలియని నాకోసం ఆవిడ రెండు రోజులు కష్టపడింది నాకు టర్కీ రుచి చూపించాలని కాదు. కోసి పంచేటప్పుడు నాకు పంచడానికి ఏమీ లేకుండా పోకూడదని. మఠంలో బాతు ఆకారమైనా, హుడ్ రివర్ పెట్టె అయినా చేసే పని ఇదే. మేం శాకాహారులం, మాకు వేషాలెందుకు అని నేను నవ్విన నవ్వులో, నా చోటు ఎప్పుడూ లోపలే అన్న ధీమా ఉందని అప్పుడు తెలిసింది. వరండాలో తిన్నవాడు నవ్వడు.

నా మిత్రుల ప్రశ్న తప్పని నేననను. ఆకారం అక్కర్లేదు, రుచీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. గుత్తివంకాయ కూర ముందు టోఫు దిగదుడుపే. కానీ కోసి పంచడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆ రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. 2024 థాంక్స్‌గివింగ్‌కి భార్యతో మా ఇంటికొచ్చాడు. వచ్చేముందు ఫోన్లో "చికెన్ వేపుడు చేసుకొస్తాం, మీ ఇంట్లో పర్లేదా?" అన్నాడు. "పర్లేదు" అనడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. వాడు ఆ క్షణాన్ని గమనించాడు, నాకు తెలుసు. తెచ్చాడు. ఒకే బల్ల మీద పెట్టాం. నేను రోస్టు కోసి మొదటి ముక్క వాడికి వేశాను. నమిలి, "ఉప్పు తక్కువైందిరా" అన్నాడు.

అప్పుడు వరండా సంగతి ఎత్తాను. చాలా ఆలస్యంగా, తడబడుతూ. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గుర్తుంది. మీ అమ్మ నెయ్యి బాగా వేసింది, అదీ గుర్తుంది" అన్నాడు.

ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

తా.క.: చెయ్యదల్చుకున్నవాళ్ళకి రెండు మాటలు. టోఫుని ముందురోజు గడ్డకట్టించి, కరగనిచ్చి వాడితే స్పాంజిలా అయి పులుసు బాగా పీలుస్తుంది. బరువు విషయంలో పిసినారితనం వద్దు, టెక్స్టు పుస్తకాలు చాలవు. ఉప్పు మాత్రం మీ ఇష్టం, నామీద ఆధారపడకండి.